జంపర్ వైర్లు లెక్కపెట్టుకుని మరీ కిందికి దిగు

అల్లుడూ,

లిఫ్ట్ పనిలో హెల్పర్‌గా చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషమేసింది, కాస్త భయం కూడా వేసింది. ఇరవై ఎనిమిదేళ్లు సికింద్రాబాద్, అమీర్‌పేట, కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లలో ఇదే పని చేసినవాణ్ణి కదా. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

లిఫ్ట్ మెకానిక్ అనగానే చుట్టాలంతా తాడు తెగితే ఏమవుతుందని అడుగుతారు. మూడు నాలుగు రోప్‌లు ఉంటాయి, అన్నీ ఒక్కసారి తెగడమనేది దాదాపు జరగదు. ఒకవేళ కార్, అంటే జనం ఎక్కే పెట్టె, అదుపు తప్పి వేగంగా కిందికి జారినా వేగాన్ని కనిపెట్టే గవర్నర్ పట్టేస్తుంది, సేఫ్టీలనే పట్టు బ్రేకులు పక్కనున్న గైడ్ పట్టాలను బిగించి ఆపేస్తాయి. లిఫ్ట్ సేఫ్టీ కనిపెట్టిన అమెరికన్ ఓటిస్ 1850ల్లోనే న్యూయార్క్‌లో తానే లిఫ్ట్ మీద నిలబడి, తాడు నరికించి, జనం ముందు ఇలాంటి ఏర్పాటునే చూపించాడు. నేను చూసిన ప్రమాదాల్లో ఒక్కటి కూడా తాడు వల్ల జరగలేదు. అన్నీ తలుపు దగ్గరే జరిగాయి.

నీకు ట్రయాంగిల్ కీ ఇస్తారు. దానితో ఏ అంతస్తు తలుపైనా తెరుచుకుంటుంది, ఆ అంతస్తులో కార్ ఉన్నా లేకపోయినా. అందుకని ముందు జానెడు మాత్రమే తెరువు. టార్చి వేసి చూడు, కార్ ఎక్కడుందో కళ్లారా చూశాకే మిగతాది తెరువు. వెనక్కి బరువు వేసి నిలబడు, ఫోన్ మాట్లాడుతూ తెరవకు. ఆ కీ వాచ్‌మన్‌కు ఇవ్వమని అసోసియేషన్ వాళ్లు అడుగుతారు. ఎంత మంచివాళ్లైనా సరే, ఇవ్వకు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. పదిహేనేళ్ల కిందటి మాట. ఒక అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు డోర్ లాక్ పాడైంది, తలుపు మూసుకుందని లిఫ్ట్‌కు తెలిపే కాంటాక్ట్ కలవడం లేదు. పైన పెళ్లి, వంట సామాను ఎక్కాలి, అందరూ నా చుట్టూ చేరి ఒకటే తొందర. ఆ టెన్షన్‌లో లాక్ సర్క్యూట్‌కు జంపర్ వేసి, అంటే ఆ కాంటాక్ట్‌ను దాటేసేలా వైరు ముక్క కలిపి, లిఫ్ట్ నడిపించాను. రాత్రికి వచ్చి కొత్త లాక్ వేద్దామనుకున్నాను. సాయంత్రం ఒక పెద్దావిడ మూడో అంతస్తు తలుపు లాగితే వచ్చేసింది. కార్ అయిదో అంతస్తులో ఉంది. ఆవిడ కాలు ముందుకు వేస్తుండగా వెనకనున్న పూలబ్బాయి చెయ్యి పట్టి లాగాడు కాబట్టి బతికింది. ఆ అబ్బాయి రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ నాకు రాత్రిళ్లు మెలకువ వస్తుంది.

సర్క్యూట్‌లో ఒక్కో కాంటాక్ట్ ఒక్కో ప్రాణానికి కాపలా. ఫాల్ట్ వెతకడానికి జంపర్ తప్పకపోతే, ముందు లిఫ్ట్‌ను ఇన్‌స్పెక్షన్‌లో, అంటే కాల్ ఇచ్చినా కదలని మోడ్‌లో పెట్టు, ఆ తర్వాతే వేయి. వైర్లన్నీ ఎర్రవే వాడు, మీటరు పొడవు ఉంచు, నంబర్లు రాసుకో. పైకి నాలుగు తీసుకెళితే కిందికి నాలుగు రావాలి. లాక్ మార్చేదాకా లిఫ్ట్ ఆపేస్తానని చెప్పు. తిడతారు, తిట్టించుకో.

కార్ టాప్ ఎక్కేముందు బయట నిలబడే చెయ్యి చాచి స్టాప్ స్విచ్ నొక్కు. తలుపు మూసి కాల్ ఇచ్చి చూడు, కదలకూడదు. తర్వాత ఇన్‌స్పెక్షన్ వేసి, స్టాప్ తీసి, మళ్లీ కాల్ ఇచ్చి చూడు. రెండుసార్లూ కదలకపోతేనే స్టాప్ మళ్లీ నొక్కి ఎక్కు. పైన ఉన్నప్పుడు చెయ్యి, తల బయటికి పెట్టకు. కార్‌కు ఎదురు తూకంగా వేలాడే కౌంటర్ వెయిట్ పక్కనుంచే, చప్పుడు లేకుండా వచ్చేస్తుంది.

మెయిన్ ఆపేశాను కదా అని ధైర్యపడకు. కరెంటు పోయినప్పుడు లిఫ్ట్‌ను దగ్గరి అంతస్తుకు చేర్చే ఏఆర్‌డీకి బ్యాటరీ ఉంటుంది. నువ్వు మెయిన్ ఆపితే కరెంటు పోయిందనుకుని అది కార్‌ను కదిలిస్తుంది. కొత్తవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే. దాన్ని కూడా ఆపు. మోటారును నడిపే డ్రైవ్‌లో కెపాసిటర్ల చార్జి కూడా వెంటనే పోదు. ఆగి, మీటర్ పెట్టి చూసుకున్నాకే చెయ్యి పెట్టు.

పిట్‌లో, అంటే లిఫ్ట్ కింది గొయ్యిలో, వానాకాలం నీళ్లు నిలుస్తాయి. నీళ్లుంటే దిగకు, తోడించమను.

జనం ఇరుక్కుంటే ముందు వాళ్లతో మాట్లాడు. గాలి ఆడుతుందని, పడిపోదని, నువ్వు చెప్పేదాకా తలుపు లాగొద్దని చెప్పు. పిల్లలుంటే పేరు అడిగి పిలుస్తూ ఉండు. ఆ తర్వాతే మెషిన్ రూమ్‌కు వెళ్లి, మెయిన్ ఆపి, బ్రేక్ కొంచెం కొంచెంగా వదులు. ఆరుగురి లిఫ్ట్ పలక మీద 408 కిలోలు అని చూసే ఉంటావు, మనిషికి 68 చొప్పున. కౌంటర్ వెయిట్ కార్ బరువుకు తోడు ఆ లోడులో సుమారు సగం మోస్తుంది. లోపల ఇద్దరే ఉంటే బ్రేక్ వదలగానే కార్ పైకి లేస్తుంది. ఎక్కువమంది ఉంటే కిందికి వస్తుంది. రోప్ మీద రంగు గుర్తులు చూసుకుని అంతస్తుకు సమంగా తెచ్చాకే తలుపు తెరువు. నడుమెత్తు ఎడంలోంచి ఎవరినీ దూకనివ్వకు. కింద ఖాళీ షాఫ్ట్ ఉంటుంది, దూకినవాళ్లు కాలు జారి అందులోకే పోతారు.

ఈ ఆదివారం మా ఇంటికి రా. నా పాత ఎర్ర వైర్లు నాలుగు, నంబర్లు వేసినవి, నీకోసం తీసి పెట్టాను. టార్చి కూడా ఉంది, సెల్స్ కొత్తవి వేశాను.

మీ మామయ్య