అమెరికాలో ప్రోగ్రామర్ల ఉద్యోగాలు నిజంగా ఆఫ్‌షోర్ వల్లే పోయాయా?

మీరు అడిగింది ఇదీ: "మా తమ్ముడు అమెరికాలో ఎంఎస్ పూర్తి చేశాడు, ఉద్యోగం దొరకడం లేదు. అక్కడివాళ్ళేమో మా ప్రోగ్రామింగ్ ఉద్యోగాలన్నీ ఇండియాకి పోయాయని తిడుతున్నారు. ఔట్‌సోర్సింగ్ వల్ల నిజంగా ఉద్యోగాలు పోయాయా, లేక ఇదంతా రాజకీయమా?"

పోయాయి. నేను మొహమాటపడకుండా చెప్పగలను, ఎందుకంటే అలా పోయిన పనుల్లో ఒకటి నా చేతికే వచ్చింది. అయితే ఎన్ని పోయాయి అన్న లెక్క పట్టుకుని కొట్టుకుంటే మీ తమ్ముడి సమస్య అర్థం కాదు. ఏ ఉద్యోగాలు పోయాయో చూడాలి. పోయినవి కొత్తగా చేరినవాళ్ళు పని నేర్చుకునే ఉద్యోగాలు. మిగతా గొడవంతా దాని తర్వాతే.

నేను మెయిన్‌ఫ్రేమ్ వాడిని, అంటే ఇన్సూరెన్స్ కంపెనీల్లాంటివి వాడే పెద్ద కంప్యూటర్ల మీద పనిచేసేవాడిని. కోబోల్, జేసీఎల్, డీబీ2. 2000ల మధ్యలో మా కంపెనీకి ఒహాయోలో ఒక ఇన్సూరెన్స్ క్లయింట్ దొరికితే, కేటీ తీసుకోవడానికి హైదరాబాద్ నుంచి మమ్మల్ని కొంతమందిని పంపారు. కేటీ అంటే ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. లేనివాళ్ళ కోసం: నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే ఇన్నాళ్ళూ ఆ పని చేసినవాళ్ళు మనకి నేర్పించి వెళ్ళిపోవాలి. ఆ నేర్పించే మనుషులకి హెచ్ఆర్ ముందే చెప్పింది, కేటీ పూర్తయిందని సంతకం (సైనాఫ్) అయ్యేదాకా ఉంటేనే సెవరెన్స్ డబ్బు, అంటే ఉద్యోగం తీసేసేటప్పుడు ఇచ్చే పరిహారం వస్తుంది, మధ్యలో వెళ్ళిపోతే ఏమీ రాదు అని.

మాకు బ్యాచ్ జాబ్స్ (వాటంతటవే వరసగా నడిచే ప్రోగ్రాములు) నేర్పించింది రిటైర్‌మెంట్‌కి దగ్గర పడిన ఒకావిడ. మొదటి రోజే ప్రొజెక్టర్ ఆపేయించి, తన స్పైరల్ నోట్‌బుక్ తీసి టేబుల్ మీద పెట్టారు. నెలాఖరులో నడిచే కమీషన్ల జాబ్ ఒకటి ఉండేది. ఒక పాత ఫీడ్‌లో, అంటే వేరే చోటి నుంచి వచ్చే డేటా ఫైల్లో, అమౌంట్ రావలసిన చోట అప్పుడప్పుడూ ఖాళీలు వచ్చేవి, జాబ్ ఎస్ జీరో సీ సెవెన్ (అంకె ఉండాల్సిన చోట అంకె లేదని చెప్పే ఎర్రర్) కొట్టి ఆగిపోయేది. అంతవరకూ ఏ మెయిన్‌ఫ్రేమ్ వాడికైనా తెలిసిందే. డాక్యుమెంట్‌లో "డేటా సరిచేసి జాబ్ మళ్ళీ మొదటి నుంచి రన్ చేయండి" అని ఉంది. ఆవిడ ఆ వాక్యం మీద పెన్నుతో అడ్డంగా గీత కొట్టారు.

"ఇలా చేస్తే కొంప మునుగుతుంది. జాబ్ ఆగిపోయేలోపు ఒక జీడీజీ జనరేషన్, అంటే ఆ ఫైలుకి కొత్త వెర్షన్, తయారైపోయి ఉంటుంది. మొదటి నుంచి నడిపితే ఇంకొకటి తయారవుతుంది. తర్వాతి జాబ్ వెర్షన్ నంబరు లేకుండా బేస్ పేరుతో చదువుతుంది కాబట్టి రెండూ కలిపి చదివేస్తుంది. ఏజెంట్లందరికీ కమీషన్ రెండుసార్లు పడుతుంది. ముందు ఆ జనరేషన్ డిలీట్ చెయ్యి, తర్వాతే రన్ చెయ్యి. రాసుకో," అన్నారు.

రాసుకున్నాను. ఇది ఏ డాక్యుమెంట్‌లోనూ ఎందుకు లేదని అడిగాను. తను ట్రైనీగా చేరినప్పుడు రిపోర్టుల్లో హెడింగులు మార్చడం, తేదీలు సరిచేయడం లాంటి చిల్లర పనులే ఇచ్చేవారట. రాత్రి షిఫ్టులో ఒక పెద్దాయన పక్కన కూర్చుని అవి చేస్తుంటే, జాబులు పడిపోయినప్పుడల్లా ఆయన ఏం చేస్తున్నాడో చూస్తూ ఇవన్నీ పట్టేసుకున్నారట. ఎవరూ క్లాసు పెట్టి చెప్పలేదు. ఆ టీమ్‌లో ఆవిడ తర్వాత చేరిన కుర్రవాడు ఒక్కడే ఉన్నాడు, అతనికీ లేఆఫ్ లెటర్ వచ్చింది.

మా ఎక్సెల్ షీట్‌లో ఒక్కో అప్లికేషన్‌కి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు ఉండేవి. అన్నీ ఆకుపచ్చ అయ్యాక, "వీళ్ళు సిద్ధంగా ఉన్నారు" అని ఆవిడే సంతకం పెట్టాలి. తన ఉద్యోగం తీసేయొచ్చని తన చేత్తోనే సంతకం పెట్టించడం ఏం పద్ధతో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పనిని ఎక్కడికి పంపాలో కంపెనీ ఇష్టం, సరే. కానీ మనిషి సెవరెన్స్‌ని పట్టుకుని, నేర్పిస్తేనే ఇస్తాం అనడం చట్టం ఆపాల్సిన పని. ఆపలేదు. 2015లో ఫ్లోరిడాలో డిస్నీ వాళ్ళు సుమారు 250 మంది టెక్ ఉద్యోగుల్ని తీసేసి, తమ చోటికి వచ్చినవాళ్ళకి వాళ్ళచేతే నేర్పించారని పెద్ద వార్తయింది. కొందరు కోర్టుకి వెళ్ళారు. 2016లో కోర్టు ఆ కేసులు కొట్టేసింది.

ఇక డబ్బు సంగతి. క్లయింట్ మా ఆఫ్‌షోర్ వాళ్ళకి, అంటే ఇండియాలో కూర్చుని పనిచేసేవాళ్ళకి, ఇచ్చే రేటు గంటకి 20, 30 డాలర్ల మధ్య ఉండేది. అందులో నా చేతికొచ్చేది ఎంతో చెబితే నవ్వుతారు. "ఇండియా వాళ్ళు చవగ్గా చేస్తారు" అని తిట్టేవాళ్ళకి ఈ ముక్క ఎవరూ చెప్పరు. చవక మా శ్రమ, ఆ తేడా ఎవరి జేబులోకి పోయిందో వాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా వినపడవు. పైగా ప్రపోజల్‌లో పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళ ప్రొఫైల్స్ చూపించి, కేటీ అయ్యాక ఆ మనుషుల్ని ఇంకో కేటీకి లాగేసి, వాళ్ళ చోట ట్రైనింగ్ నుంచి అప్పుడే వచ్చిన పిల్లల్ని కూర్చోబెట్టేవారు. దానికి పిరమిడ్ అని పేరు. ఆవిడ నాకు చెప్పింది నేను ఇంకొకడికి చెప్పాలి, వాడు ఇంకొకడికి. మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఆ డాక్యుమెంట్‌లో వాక్యమే మిగిలేది.

ఇప్పుడు లెక్కలు. అమెరికా లేబర్ స్టాటిస్టిక్స్ బ్యూరో "కంప్యూటర్ ప్రోగ్రామర్" అని ఒక వర్గాన్ని విడిగా లెక్కేస్తుంది. 2000లో వాళ్ళు 5 లక్షల పైచిలుకు. 2023 నాటికి లక్షన్నర లోపుకి పడిపోయారు. ఇది చూపించి ఒక వర్గం గుండెలు బాదుకుంటుంది. రెండో వర్గం అదే బ్యూరో ఇచ్చే "సాఫ్ట్‌వేర్ డెవలపర్" లెక్క చూపిస్తుంది, అదేమో అంతకంతకూ పెరిగింది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. డిజైన్ చేసేవాళ్ళు, యూజర్లతో కూర్చుని మాట్లాడేవాళ్ళు అక్కడ పెరిగారు. స్పెసిఫికేషన్ చూసి కోడ్ రాసేవాళ్ళు, పాత కోడ్‌ని బాగుచేసేవాళ్ళు తగ్గారు. తగ్గిన వాటిల్లో కొన్ని పేర్లు మారి డెవలపర్ లెక్కలో కలిసి ఉంటాయి, కొన్ని టూల్స్ వల్ల పోయి ఉంటాయి. అయినా పని చేసినవాడిగా నేను చెబుతున్నాను, పెద్ద వాటా మా దగ్గరికే వచ్చింది. ఆ చిన్న పనులు చేస్తూనే కదా ఎవరైనా పెద్ద పనులకి ఎదిగేది!

ఆర్థికవేత్తలు ఇది చూడలేదని అనను. 2006లో ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ అలన్ బ్లైండర్ సూటిగానే రాశాడు: చదువు ఎక్కువా తక్కువా అన్నది ఇక లెక్కలోకి రాదు, పని తీగ మీద, అంటే నెట్‌లో, పంపగలిగేదా కాదా అన్నదే చూడాలి అని. అంతకు రెండేళ్ళ ముందు, వైట్‌హౌస్ ఆర్థిక సలహాదారుల మండలికి అధ్యక్షుడిగా ఉన్న గ్రెగరీ మాన్‌క్యూ ఔట్‌సోర్సింగ్ వల్ల దీర్ఘకాలంలో దేశానికి మేలే అంటే, సొంత పార్టీ వాళ్ళే మీద పడ్డారు. దేశం మొత్తానికి మేలు జరిగే ఉండొచ్చు. ఉద్యోగం పోయిన మనిషికి ఆ మేలులో వాటా ఇచ్చే ఏర్పాటు ఏదీ?

ఒకటుండేది, అదీ చూడండి. విదేశీ వాణిజ్యం వల్ల ఉద్యోగం పోయినవాళ్ళకి శిక్షణ, భృతి ఇచ్చే ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్ అనే పథకం అక్కడ 1962లోనే మొదలైంది. 2000ల మొదట్లో ప్రోగ్రామర్లు దరఖాస్తు పెట్టుకుంటే, సాఫ్ట్‌వేర్ "వస్తువు" కాదు, మీరు వస్తువు తయారుచేయలేదు అని లేబర్ డిపార్ట్‌మెంట్ తిప్పి పంపింది. కోర్టుల చుట్టూ తిరిగాక 2006లో దారికొచ్చారు. 2009లో సేవారంగం మొత్తానికి వర్తింపజేశారు. 2022 జూలై నుంచి కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేశారు. ఫ్యాక్టరీలో బోల్టులు బిగించేవాడికి ఇచ్చిన సాయం కోడ్ రాసేవాడికి అన్నేళ్ళు ఇవ్వకపోవడం అన్యాయం. ఈ కోపం వాళ్ళు మన మీద చూపించారు, చూపించాల్సింది వాళ్ళ ప్రభుత్వం మీద.

ఇప్పుడు మీ తమ్ముడి విషయానికి వస్తాను. అతను పాస్‌పోర్ట్ ప్రకారం ఇండియన్, కానీ ఉద్యోగాల మార్కెట్‌లో అతను అమెరికా ఫ్రెషర్. అంటే ఆఫ్‌షోర్ వల్ల దెబ్బతిన్నవాళ్ళ వరుసలోనే నిలబడ్డాడు. అతనికి డాలస్‌లో రావలసిన మొదటి ఉద్యోగం ఇవాళ హైదరాబాద్‌లో ఏదో జీసీసీలో (విదేశీ కంపెనీ ఇక్కడ సొంతంగా పెట్టుకున్న ఆఫీసులో), బహుశా అతని బీటెక్ క్లాస్‌మేట్ చేస్తున్నాడు. పైగా గడియారం తిరుగుతూ ఉంటుంది: ఓపీటీ (చదువయ్యాక అక్కడ పని చేసుకునే అనుమతి) 12 నెలలు, స్టెమ్ (సైన్స్, ఇంజనీరింగ్ లాంటి) చదువు అయితే ఇంకో 24 నెలలు, మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా 90 రోజులకి మించి ఉండకూడదు. ఆ టెన్షన్‌లో పిల్లలు దొరికిన కన్సల్టెన్సీ చేత రెజ్యూమెలో లేని అనుభవం పెట్టించుకుంటున్నారు. "మూడు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ" అని యూట్యూబ్‌లో కోర్సులు అమ్మేవాళ్ళ మీద నాకున్న కోపం ఇక్కడ రాస్తే ఈ జవాబు ఇప్పట్లో అవదు.

ప్రభుత్వం చేసేవి కూడా ఎదురు తిరుగుతున్నాయి. 2025 సెప్టెంబర్‌లో దేశం బయట ఉన్నవాళ్ళ కోసం వేసే కొత్త హెచ్1బీ (ఉద్యోగ వీసా) పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. మనిషిని తెచ్చుకోవడం అంత ఖరీదైతే కంపెనీ ఏం చేస్తుంది? పనినే పంపిస్తుంది. నాకైతే దీన్లో రెండో ఆలోచన లేదు. పన్నుల్లో మాత్రం ఒక మంచి పని జరిగింది. 2022 నుంచి సాఫ్ట్‌వేర్ తయారీ ఖర్చుని పన్ను లెక్కలో ఒకే ఏడాదిలో తగ్గించుకోనివ్వకుండా, అమెరికాలో చేస్తే 5 ఏళ్ళకి, బయట చేయిస్తే 15 ఏళ్ళకి పరచమన్నారు. 2025లో దేశంలో చేసేదానికి ఆ నిబంధన ఎత్తేశారు, బయట చేయించేదానికి 15 ఏళ్ళు అలాగే ఉంచారు. వీసాల మీద అరిచే అరుపులన్నిటి కంటే అక్కడి ఉద్యోగాలకి ఇదే పనికొస్తుంది.

మీ తమ్ముడికి నేను చెప్పేది ఒకటే. యూనివర్సిటీలు, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని హాస్పిటళ్ళు, లాభాపేక్ష లేని రీసెర్చ్ సంస్థల్లో కూడా అప్లై చేయమనండి. వాటికి హెచ్1బీ లాటరీ లేదు, ఏడాది పొడవునా ఫైల్ చేయొచ్చు. జీతం తక్కువే, కానీ చాలాచోట్ల సీనియర్ పక్క సీట్లోనే ఉంటాడు. ఏ ఇంటర్వ్యూలో అయినా చివర్లో "మీకేమైనా ప్రశ్నలున్నాయా" అన్నప్పుడు, "మీ టీమ్‌లో మొదటి ఏడాది వాళ్ళు ఎంతమంది, ఎక్కడ కూర్చుంటారు" అని అడగమనండి. అందరూ ఆఫ్‌షోర్‌లోనే ఉన్నారని చెబితే, అక్కడ అతను చేయబోయేది కోఆర్డినేషన్. రాత్రి కాల్స్, స్టేటస్ మెయిల్స్, ఎవరో రాసిన కోడ్‌కి ఇంకెవరికో జవాబు చెప్పడం. చేతిలో ఇంకో ఆఫర్ ఉంటే, జీతం తక్కువైనా అందులోనే చేరమనండి.