ఆఫీసుకు వెళ్తూ దారిలో దెబ్బ తగిలితే పరిహారం వస్తుందా?

ఆఫీసుకు వస్తుంటే బైక్ స్కిడ్ అయి చెయ్యి విరిగిందని, హెచ్‌ఆర్ వాళ్లేమో ‘ఇంకా డ్యూటీ ఎక్కలేదు కదా, పరిహారం రాదు’ అన్నారని రాశారు. అంత తేలిగ్గా ఒప్పేసుకోకండి. ఇంటి నుంచి పనికి వెళ్లే మామూలు ప్రయాణాన్ని చాలా చోట్ల డ్యూటీ కింద లెక్కగట్టరు, నిజమే. జర్మనీ, జపాన్‌లలో అయితే దాన్నీ కవర్ చేస్తారు. కవర్ చేయని చోట కూడా మినహాయింపులు ఉంటాయి: కంపెనీ బండిలో వెళ్తున్నా, ప్రయాణ సమయానికి జీతం ఇస్తున్నా, రోజుకో సైట్‌కి తిరిగే ఉద్యోగమైనా, అప్పటికే కంపెనీ పార్కింగ్‌లోకి వచ్చేసినా కేసు మారిపోవచ్చు.

మీ విషయంలో అసలు పాయింట్ వేరే ఉంది. మేనేజర్ పొద్దున్నే మెసేజ్ పెట్టి, వచ్చేటప్పుడు క్లయింట్ దగ్గర ఫైలు తీసుకురమ్మన్నారని చివర్లో ఏదో మామూలుగా రాసేశారు, కానీ మీకు బలమంతా అదే, ఎందుకంటే అప్పుడది కంపెనీ పని మీద వెళ్లడం అవుతుంది. ఆ మెసేజ్ టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ ఇవాళే తీసి పెట్టుకోండి. మధ్యలో సొంత పని మీద ఎక్కడికైనా తిరిగారా అని తప్పకుండా అడుగుతారు, ఉన్నదున్నట్టు చెప్పండి. ప్రమాదం గురించి కంపెనీకి రాతపూర్వకంగా వెంటనే తెలియజేయండి, దీనికి గడువు ఉంటుంది. రాదంటే ఆ మాటే కాగితం మీద ఇమ్మనండి, అప్పీలుకు అదే కావాలి.