ఐసీయూలో నాన్న మమ్మల్ని గుర్తుపట్టడం లేదు, మతి పోయినట్టేనా?

వెంటిలేటర్ తీసి రెండు రోజులైనా నాన్న మిమ్మల్ని గుర్తుపట్టడం లేదని, నర్సు చంపడానికి వచ్చిందంటున్నారని రాశారు. పోయినేడు మా అమ్మతో మేమూ ఇదే పడ్డాం. అమ్మకి 67. న్యుమోనియాతో ఆరు రోజులు వెంటిలేటర్ మీద ఉంది. గొట్టం తీసిన సాయంత్రం నన్ను చూసి "టీసీ గారూ, తెనాలి ఎప్పుడొస్తుంది?" అంది.

దీన్ని డెలీరియం అంటారు. పిచ్చి కాదు, ఒంట్లో బాగోక మెదడు ఉన్నట్టుండి అయోమయంలో పడడం. ఇన్ఫెక్షన్, మత్తుమందులు, ఆక్సిజన్ తగ్గడం, రక్తంలో సోడియం (ఉప్పు) పడిపోవడం, నిద్రలేమి, వీటిలో ఏదైనా కారణం కావచ్చు, చాలాసార్లు అన్నీ కలుస్తాయి. పొద్దున బాగానే మాట్లాడి రాత్రికి తేడా చేయడం దీని లక్షణమే.

నేను వాదించి చెడగొట్టాను. "ఇది రైలు కాదమ్మా, ఆస్పత్రి" అని నాలుగుసార్లు అనేసరికి మాస్కు పీకేసింది. మళ్లీ పీకకుండా చేతులు గుడ్డతో మంచానికి కట్టేశారు. అది చూసి నేను గొడవకు దిగితే రాత్రి డ్యూటీ సిస్టర్ నిదానంగా "ఆవిడ కళ్లజోడు ఏదండీ?" అని అడిగారు. నా బ్యాగులో ఉంది! చెవి మిషనూ అందులోనే, పోతాయేమోనని మేమే దాచాం. కళ్లు ఆనక, చెవులు వినపడక, ఆరని ట్యూబులైట్ల కింద, పుండ్లు పడకుండా వేసే ఆ గాలిపరుపు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటే నాకైనా రైలే అనిపించేది.

మర్నాడు రెండూ పెట్టించాం. విజిటింగ్ పూటకు పది నిమిషాలే. బతిమాలితే ఒక్కరిని అరగంట కూర్చోనిచ్చారు, అంతసేపూ కట్లు విప్పేవారు. వెళ్లగానే "అమ్మా, నేను పెద్దాణ్ణి. ఇవాళ బుధవారం, పొద్దున పదైంది. ఊపిరాడక ఆస్పత్రికి తెచ్చాం, తగ్గుతోంది" అనేవాణ్ణి. రైలు మాటొస్తే అవుననలేదు, కాదనలేదు. "భయమేస్తోందా? నేనిక్కడే ఉన్నా" అని చెయ్యి పట్టుకుని గేదె ఈనిన సంగతి చెప్పేవాణ్ణి.

"మా నాన్న మామూలుగా ఇలా ఉండరు" అని డాక్టరుకు గట్టిగా చెప్పండి. ఇంట్లో వాడే మందుల చీటీ చూపించండి. రోజూ తాగే అలవాటుంటే పరువు అనుకోకుండా చెప్పేయండి, హఠాత్తుగా మానేసినా ఇలాగే అవుతుంది, దానికి వైద్యం వేరు. నిద్ర ఇంజెక్షన్ ఇమ్మని మీరు మాత్రం ఒత్తిడి చేయకండి, కొన్నింటితో అయోమయం ఇంకా పెరుగుతుంది. మరోటి, అమ్మ అరుపులు మాని గోడకేసి చూస్తూ పడుకుంటే తగ్గిందని సంబరపడ్డాం. అదీ డెలీరియమేనట, మౌనంగా ఉండే రకం. అలా కనిపిస్తే వెంటనే చెప్పండి.

అమ్మకి తొమ్మిదో రోజుకు తేటపడింది. కొందరికి వారాలు పడుతుంది. ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్లు నిద్రలో ఉలిక్కిపడి లేచేది. ఒకరోజు కాఫీ తాగుతూ "ఆ రైల్లో టీసీ మంచోడురా, ఒక్కసారీ టికెట్ అడగలేదు" అంది.