కారు దించాలా, ఎత్తు తగ్గించాలా?

సందేహం: పాత కారు వెనక భాగాన్ని రెండంగుళాలు కిందికి తేవడం గురించి నాలాంటి ఔత్సాహికుల కోసం ఒక నోట్ రాశాను. అందులో "వెనక కమాన్ కట్టలు వంచి కారుని దించాలి, దించాక షాకిల్ బోల్టులు బిగించాలి" అన్నాను (కమాన్ కట్ట అంటే వంగిన ఉక్కు రేకులు పేర్చి కట్టిన స్ప్రింగు, షాకిల్ అంటే దాని చివరని బాడీకి తగిలించే లింకు). చదివిన ఫ్రెండు "దించాలి" తప్పు, "తగ్గించాలి" అనాలి అంటున్నాడు. ఇంకొకాయనేమో కమాన్ అనేది తెలుగే కాదు, "ఆకు స్ప్రింగు" అని రాయమంటున్నాడు. ఏది కరెక్టండీ?

సమాధానం: "దించు" తప్పు కాదండీ. మీ వాక్యంలో నిజంగా కొంప ముంచేది "వంచి", దాన్ని మాత్రం ఇద్దరూ వదిలేశారు!

కమాన్ కట్ట పుట్టుకతోనే వంగి ఉంటుంది కదా. మోరిస్ మైనరో, ఎంజీబీయో, మొదటి తరం మస్టాంగో, ఇలా వెనక కమాన్ కట్టలున్న పాత కారు కిందికి వంగి చూస్తే అదే కనిపిస్తుంది, కట్ట మధ్యలో యాక్సిల్ (చక్రాల ఇరుసు), రెండు చివర్లా బాడీ, మధ్యభాగం కిందికి, చివర్లు పైకి. ఆ వంపు ఎంత ఎక్కువుంటే బాడీ అంత పైన నిలబడుతుంది. కాబట్టి కారు ఎత్తు తగ్గాలంటే ఉన్న వంపులో కొంత తీసెయ్యాలి, అంటే కట్టని కాస్త సాపు చెయ్యాలి. మీరు "వంచి" అని రాస్తే తెలుగు చదివేవాడు ఉన్నదాన్ని ఇంకా వంచమన్నారనే అనుకుంటాడు, అలా చేసి బిగిస్తే కారు వెనకభాగం ఇంకా లేచి కూర్చుంటుంది. మీ మనసులో ఉన్నది ప్రెస్ కింద పెట్టి నొక్కడం, అది చూడ్డానికి వంచడంలాగే ఉంటుంది నిజమే, కానీ వంచడం తిన్నగా ఉన్నదానికి, వంగి ఉన్నదానికి చేసేది వంపు తీయడం. "వంపు కొంత తీసి" అనండి, ఆ "కొంత" కూడా మర్చిపోకండి, లేకపోతే మొత్తం తిన్నగా చేసేస్తారు. ఇంకో ముక్క, "చల్లగా ఉండగానే ప్రెస్ మీద" అని కూడా చేర్చండి, గ్యాస్ మంట పెట్టి కాల్చి సాపు చేస్తే ఉక్కు పదును పోయి కట్ట కొద్దిరోజులకే చతికిలబడుతుంది.

ఇప్పుడు దించు, తగ్గించు సంగతి. దిగు-దించు, వంగు-వంచు, పెరుగు-పెంచు, మునుగు-ముంచు, ఇవన్నీ ఒక వరసలోవి, మొదటిది తనంతట తాను జరిగేది, రెండోది మనం చేయించేది. తగ్గు-తగ్గించు కూడా పని అదే, రూపం వేరు. తేడా ఎక్కడంటే "దించు" వస్తువుని పట్టుకుంటుంది, "తగ్గించు" కొలతని పట్టుకుంటుంది. సామాను దించుతాం, తల దించుతాం, ధర తగ్గిస్తాం, వేగం తగ్గిస్తాం. "కారుని రెండంగుళాలు దించాను" అంటే ఎవరికైనా అర్థమవుతుంది, ఎందుకంటే కొలత పక్కనే ఉంది. కొలత తీసేసి "కారుని దించాను" అంటే మాత్రం ట్రైలర్ మీంచి దించారా, జాకీ మీంచి దించారా అని అడుగుతారు.

మీ రెండో ముక్కలో "దించాక షాకిల్ బోల్టులు బిగించాలి" అన్నది సరిగ్గా ఇక్కడే దొరికిపోయింది. ఒకడు "ఎత్తు తగ్గించే పని అయ్యాక" అని చదివి, కారు ఇంకా స్టాండ్ల మీదే ఉండగా, యాక్సిల్ వేలాడుతుండగా బోల్టులు బిగించేస్తాడు. ఇంకొకడు "జాకీ మీంచి నేల మీదికి దించాక" అని చదువుతాడు, కరెక్టు వాడే. కట్ట చివర్లలో రబ్బరు బుష్షులుంటాయి, బోల్టు బిగిస్తే రబ్బరు ఆ పొజిషన్‌లో పట్టుకుపోతుంది. గాల్లో బిగిస్తే, కారు బరువు పడి కట్ట సాపయినప్పుడు రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది, తొందరగా చిరుగుతుంది, పైగా మీరు తగ్గించిన ఎత్తు కూడా పూర్తిగా రాదు. అందుకని అక్కడ "దించాక" అని ఒక్క మాటతో సరిపెట్టొద్దు, "చక్రాలు నేలకి ఆని కారు బరువు కట్టల మీద పడ్డాక" అని విడమర్చి రాయండి. వాక్యం పొడుగైతే అవనీండి.

ఇక ఆకు స్ప్రింగు. వద్దండీ. కమాన్ పారసీ నుంచి వచ్చింది, విల్లు అని అర్థం, మన నోట్లో నలిగి ఎప్పుడో మనదైపోయింది. బండి కింద పడుకుని పని చేసేవాళ్ళెవరూ ఆకు అనరు, పట్టీ అంటారు. అక్కడే ఒక చక్కటి తేడా కూడా ఉంది, పట్టీ అంటే ఒక్క రేకు, కట్ట అంటే ఆ పట్టీలన్నీ సెంటర్ బోల్టుతో, క్లిప్పులతో కలిపి పట్టిన మొత్తం. "ఒక పట్టీ తీసెయ్యి" అనాల్సిన చోట "ఒక కమాన్ తీసెయ్యి" అని రాస్తే ఎంత గందరగోళమో చూడండి. అన్నట్టు పట్టీ తీసినా ఎత్తు తగ్గుతుంది కానీ కట్ట మెత్తబడుతుంది, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు యాక్సిల్ తిరగబోయి కట్ట పాములా మెలిపడుతుంది, నన్నడిగితే ఆ దారి వద్దంటాను.

మీ నోట్‌లో దిమ్మల ప్రస్తావన లేదు, పెడతారేమో అని ముందే చెప్తున్నా. "యాక్సిల్ దగ్గర దిమ్మలు పెట్టి ఎత్తు తగ్గించాలి" అంటే తెలుగు చెవికి తిరకాసుగా వినిపిస్తుంది, దిమ్మ పెట్టేది లేపడానికే కదా మనకి. ఇక్కడ లేచేది యాక్సిల్, బాడీ కాదు. యాక్సిల్ కట్ట మీద కూర్చుని ఉన్న కార్లలో రెండిటి మధ్యా దిమ్మ పెడితే యాక్సిల్ పైకి జరిగి బాడీ కిందికొస్తుంది. కట్టే యాక్సిల్ పైన ఉన్న బండిలో అదే దిమ్మ పెడితే బండి లేస్తుంది. కాబట్టి "కట్టకి పైన, యాక్సిల్‌కి కింద" అని చోటు చెప్పకుండా దిమ్మ అనే మాట వాడొద్దు. యాక్సిల్‌ని కట్టకి పట్టి ఉంచే యూ బోల్టులు కూడా ఆ మేరకు పొడుగువి కావాలి, అదీ రాయండి.

మొత్తం మీద మీ వాక్యం ఇలా మార్చుకోవచ్చు: "వెనక కమాన్ కట్టల వంపు చల్లగా ఉండగానే ప్రెస్ మీద కొంత తీయించి కారు ఎత్తు రెండంగుళాలు తగ్గించాలి. షాకిల్ బోల్టులు మొదట వదులుగా ఉంచి, చక్రాలు నేలకి ఆని కారు బరువు కట్టల మీద పడ్డాక బిగించాలి."

"ఎత్తు తగ్గించిన కారు" అన్నచోట "కుంగిన కారు" అని మాత్రం రాయకండి, కొందరు అలా రాస్తున్నారు. కుంగడం ఎవరూ చెయ్యకుండా అదే జరిగేది, కట్టలు అరిగి అలిసిపోయి వెనక కూర్చుండిపోయిన బండికి ఆ మాట, అలాంటిదానికి మొదట కట్టలు మార్చాలి, ఎత్తు తగ్గించే సంగతి ఆ తర్వాత.