గాట్స్‌బీ కథ అర్థమైంది, మరి ఐదు పేజీల ఎస్సేలో ఏం రాయాలి?

మీరు ఇంటర్ దాకా విజయవాడలో చదివి, ఈ ఏడాదే అమెరికా వచ్చి కమ్యూనిటీ కాలేజీలో చేరారు. ఇంగ్లీష్ కాంపోజిషన్ రెండో కోర్సులో ఫిట్జ్‌జెరాల్డ్ రాసిన నవల ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ మీద ఐదు పేజీల ఫార్మల్ లిటరరీ అనాలసిస్ రాయమన్నారు. నవల చదివారు, కథ తెలుసు, కానీ పెన్ను కదలడం లేదు. ఎస్సేలో ‘నేను’ అని రాయొచ్చా, ఆన్‌లైన్ గైడ్లు చూడొచ్చా అని కూడా అడిగారు.

నేను గుంటూరులో బీకాం చేసి, పెళ్ళయ్యాక న్యూజెర్సీ వచ్చి ఇదే కోర్సు చేశాను. తర్వాత అదే కాలేజీలో, విద్యార్థుల రాతలకు సాయం చేసే రైటింగ్ సెంటర్‌లో ట్యూటర్‌గా పనిచేశాను. అక్కడికి వచ్చే డ్రాఫ్టుల్లో గాట్స్‌బీ మీద రాసినవి చాలానే ఉండేవి. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు ఒక భయం తీసేస్తాను. ఈ పని మీకు కొత్తేమీ కాదు. ఇంటర్ తెలుగు పేపర్లో సందర్భసహిత వ్యాఖ్యలు రాశారు కదా? ఒక వాక్యం ఇస్తారు. అది ఎక్కడిది, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారు, దాని భావమేంటి, చివరికి అందులో విశేషమేంటి అని రాస్తాం. లిటరరీ అనాలసిస్‌లో ప్రతి పేరా దాదాపు అదే. తేడా ఏంటంటే, మన పరీక్షలో సందర్భానికీ భావానికే మార్కులన్నీ వచ్చేసేవి, విశేషం ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళం. ఇక్కడ సందర్భం ఒక వాక్యంలో అయిపోవాలి. మిగతా పేరా అంతా విశేషమే. పైగా ఆ విశేషాలన్నీ కలిసి ఒకే వాదనను మోయాలి.

ఆ వాదనే థీసిస్. చాలామంది ఇరుక్కునేది ఇక్కడే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

రైటింగ్ సెంటర్‌కు వచ్చే డ్రాఫ్టుల్లో సగానికి పైగా ఒకే వాక్యంతో మొదలయ్యేవి: ఈ నవల అమెరికన్ డ్రీమ్, అంటే కష్టపడితే ఎవరైనా పైకొస్తారన్న నమ్మకం, విఫలమవడాన్ని చూపిస్తుంది. అది తప్పేం కాదు. కానీ కాదనే వాళ్ళెవరు? ఎవరూ కాదనని మాట చుట్టూ ఐదు పేజీలు నడవవు. అందుకే రెండో పేజీకల్లా పార్టీలు, ఆకుపచ్చ దీపం, కారు ప్రమాదం అంటూ కథ చెప్పడం మొదలైపోతుంది. ఇంకొందరు, గాట్స్‌బీ గడిచిన కాలాన్ని వెనక్కి తేవాలనుకున్నాడు అని రాస్తారు. ఇది కొంచెం నయం. కానీ ఆరో అధ్యాయంలో గాట్స్‌బీ స్వయంగా ఆ మాటే అంటాడు. పాత్ర నోటితో చెప్పేసిన సంగతిని మళ్ళీ మీరు కనిపెట్టాల్సిన అవసరం లేదు.

థీసిస్ కోసం పెద్ద భావాల దగ్గర వెతక్కండి. నవలలో ఒక చిన్న చోటు పట్టుకుని అక్కడే కూర్చోండి. నేను పట్టుకున్నది చివరి అధ్యాయంలోని టైమ్‌టేబుల్. మీకు గుర్తుందో లేదో, గాట్స్‌బీ చనిపోయాక అతని తండ్రి హెన్రీ గాట్జ్ మిన్నెసోటా నుంచి వస్తాడు. కొడుకు చిన్నప్పటి కౌబాయ్ కథల పుస్తకం ఒకటి తీసి వెనక అట్ట దగ్గరి పేజీ చూపిస్తాడు. 1906 సెప్టెంబర్ 12 తేదీ వేసి, జిమ్మీ గాట్జ్ (గాట్స్‌బీ అసలు పేరు) అనే కుర్రాడు తన రోజంతా రాసుకున్నాడు. ఆరింటికి లేవాలి. తర్వాత డంబెల్స్. 7.15 నుంచి 8.15 దాకా విద్యుత్తు గురించి చదువు. 8.30 నుంచి 4.30 దాకా పని. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా బాగా మాట్లాడటం, హుందాగా మసలుకోవడం సాధన చేయాలి. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా లోకానికి అవసరమైన కొత్త పరికరాల మీద అధ్యయనం. కింద కొన్ని తీర్మానాలు. వాటిలో వారానికి ఐదు డాలర్లు దాచాలని రాసి, కొట్టేసి, మూడు అని దిద్దుకున్నాడు. అన్నిటికన్నా చివర, అమ్మానాన్నలతో ఇంకా బాగా ఉండాలి.

మొదటిసారి చదివినప్పుడు ఇది ‘పాపం’ అనిపించి దాటిపోతుంది. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదవండి. ప్రశ్నలు వేసుకుంటూ పోతే చాలు. రోజంతా గంటల లెక్కన పంచుకున్న ఆ కుర్రాడు ఆటలకు ఎంతిచ్చాడు? అరగంట. స్నేహితులకు? ఏమీ లేదు. మనుషులతో బాగా ఉండాలన్న ప్రస్తావన వచ్చేది ఒక్క చివరి వరుసలో, అదీ వేళంటూ లేకుండా. ఐదు డాలర్లు మూడెందుకయ్యాయి? అంటే కలలు కనేవాడే కాదు, జేబు చూసుకుని కలను సవరించుకునేవాడు కూడా. మరి పెద్దయ్యాక, తను ప్రేమించిన డైసీ విషయంలో ఆ సవరింపు ఎందుకు చేతకాలేదు? చూశారా, ఒక కొట్టివేత నుంచి ఒక పేరా పుట్టింది.

అసలు విషయం ఇంకొకటుంది. ఈ కాగితం నవలలో ఎక్కడ వస్తుందో చూడండి. గాట్స్‌బీ ఎవరో తెలియక ముందు గూఢచారి అనీ హంతకుడనీ పుకార్లు వింటాం. ఆరో అధ్యాయంలో అసలు పేరు తెలుస్తుంది. ఏడో అధ్యాయంలో, ప్లాజా హోటల్ గదిలో, దొంగసారా వ్యాపారం బయటపడుతుంది. అప్పట్లో, 1920 నుంచి 1933 దాకా, అమెరికాలో మద్యనిషేధం. మందుల షాపుల మాటున సారా అమ్మాడని డైసీ భర్త టామ్ ఎత్తిపొడుస్తాడు. అవన్నీ అయ్యాక, మనిషి పోయాక, ఈ పొద్దున్నే లేచే పిల్లాడు కనిపిస్తాడు. రచయిత ఫిట్జ్‌జెరాల్డ్ ఇదే కాగితాన్ని రెండో అధ్యాయంలో పెట్టి ఉంటే మనం గాట్స్‌బీని వేరేగా చదివేవాళ్ళం. ఏం చెప్పాడన్నది కథ. ఎక్కడ, ఎవరి చేతిలో పెట్టి చెప్పాడన్నది విశ్లేషణ. ఎవరి చేతిలో అంటే, ఆ తండ్రి చేతిలో. కొడుకు ఒకసారి తన తిండి తీరును ఎత్తి చూపితే కొట్టిన తండ్రి. ఇప్పుడేమో ఒక్కో అంశం గర్వంగా పైకి చదివి, కథ చెప్పే నిక్ కూడా దాన్ని రాసుకుంటాడేమో అన్నట్టు చూస్తాడు.

ఇంత చూశాక నా థీసిస్ ఇలా తేలింది: టైమ్‌టేబుల్‌ను గాట్స్‌బీ మరణం తర్వాత చూపించడం ద్వారా నవల, అతన్ని నాశనం చేసింది అతని అబద్ధాలకన్నా, కష్టపడితే ఎవరైనా పైకొస్తారన్న మాటను అక్షరాలా నమ్మడమేనని సూచిస్తుంది. దీన్ని కాదనొచ్చు. అతను డబ్బు సంపాదించింది విద్యుత్తు చదివి కాదు, జూదగాడు వుల్ఫ్‌షీమ్‌తో చేతులు కలిపి కదా అని ఎవరైనా అడగొచ్చు. ఆ అభ్యంతరాన్ని దాచకుండా ఒక పేరాలో నేనే పెట్టాను. జవాబుగా టామ్‌ను తీసుకొచ్చాను. ఏ టైమ్‌టేబులూ రాసుకోని, పుట్టుకతోనే ధనవంతుడైన టామ్ చివరికి క్షేమంగా ఉంటాడు. కాబట్టి నవలలో శ్రమకూ ఫలితానికీ ఉన్న లంకె గాట్స్‌బీ నేరం వల్ల తెగలేదు, అది మొదటి నుంచీ లేదు. మా ప్రొఫెసర్ ఆ పేరా పక్కన టిక్ పెట్టి, బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆత్మకథ చూడమని రాశారు. ఫ్రాంక్లిన్ కూడా తన రోజును ఇలాగే గంటల లెక్కన పంచుకున్నాడు, సద్గుణాల జాబితా వేసుకున్నాడు. అది చదివి పోలిక కలిపితే ఎస్సే ఒక మెట్టు ఎక్కింది. మీరు నా టైమ్‌టేబుల్ తీసుకోవద్దు, మీది మీరు వెతుక్కోండి. మూడో అధ్యాయంలో లైబ్రరీలోని పేజీలు కోయని పుస్తకాలున్నాయి, ఐదో అధ్యాయంలో గాట్స్‌బీ పడేయబోయిన ఆగిపోయిన గడియారం ఉంది, నాలుగో అధ్యాయం మొదట్లో నిక్ పాత రైల్వే టైమ్‌టేబుల్ ఖాళీల్లో రాసుకున్న అతిథుల పేర్లున్నాయి. డైసీ ఇంటి రేవు చివర వెలిగే ఆకుపచ్చ దీపాన్ని మాత్రం ఈసారికి వదిలేయండి. పాపం, ప్రొఫెసర్లు దాని గురించి ఏటా చదివి చదివి అలిసిపోయి ఉంటారు.

ఇంకో ముఖ్యమైన సంగతి: కథ చెప్పేది నిక్ క్యారవే, ఫిట్జ్‌జెరాల్డ్ కాదు. నిక్ అన్న మాటకు రచయిత పేరు తగిలించే ఎస్సేలు చాలా చూశాను. నిక్ మొదటి పేజీలోనే తాను తొందరపడి ఎవరినీ తీర్పు తీర్చనంటాడు, ఆ తర్వాత పుస్తకమంతా తీర్పులే. మూడో అధ్యాయం చివర తనకు తెలిసిన కొద్దిమంది నిజాయితీపరుల్లో తానొకడినని చెప్పుకుంటాడు. తన గురించి తానే అలా చెప్పుకునే మనిషిని మీరెంత నమ్ముతారు? ఆ అనుమానం ఎస్సే మొత్తంలో ఉండాలి.

సినిమా చూసి రాయడం కూడా ప్రమాదమే. 2013 సినిమాలో మన అమితాబ్ బచ్చన్ వుల్ఫ్‌షీమ్‌గా కనిపిస్తాడు, చూడటానికి సరదాగా ఉంటుంది. కానీ అందులో నిక్ శానిటోరియంలో, అంటే చికిత్స కోసం చేరిన ఆసుపత్రిలో, కూర్చుని కథ రాస్తాడు. నవలలో ఆ శానిటోరియం లేదు. ఎస్సేలో అది కనబడితే మీరు పుస్తకం తెరవలేదని తెలిసిపోతుంది.

ఇక ఫార్మల్ అనే మాటకొద్దాం. ‘నేను అనుకుంటున్నాను’ అని రాయకండి. అనుకుంటున్నారు కాబట్టే రాస్తున్నారు, అది తీసేస్తే వాక్యం బలపడుతుంది. కొందరు ప్రొఫెసర్లు ‘నేను’ను ఒప్పుకుంటారు, సిలబస్‌లో చూడండి. కుదించిన క్రియారూపాలు, అంటే డోంట్, కాంట్ లాంటివి వద్దు. మన గైడ్ల ఇంగ్లీష్‌లో ఒక అలవాటుంది: మహా రచయిత అద్భుతంగా చిత్రించాడు, కళ్ళకు కట్టినట్టు వర్ణించాడు. ఆ పొగడ్తలన్నీ కొట్టేయండి. అద్భుతమా కాదా అని ఎవరూ అడగలేదు. 1896లో సెయింట్ పాల్‌లో పుట్టాడు అంటూ జీవితచరిత్రతో మొదలుపెట్టడమూ వద్దు. నవల 1925లో వచ్చిందని, కథ జరిగేది 1922 వేసవిలో అని ఒక ముక్క చెబితే చాలు.

కథలో జరిగేదంతా వర్తమాన కాలంలో రాయాలి. గాట్స్‌బీ ఇల్లు కొన్నాడు అని కాదు, కొంటాడు అని. వింతగా అనిపిస్తే, మనవాళ్ళు ‘శ్రీశ్రీ ఇక్కడ ఏమంటాడంటే’ అంటారు గుర్తు తెచ్చుకోండి. ఆయన పోయి దశాబ్దాలైనా ‘అంటాడు’ అనే అంటాం.

ఫార్మాట్ ఎం.ఎల్.ఏ. (మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్ వాళ్ళ పద్ధతి) అని ఇచ్చి ఉంటారు. మన ఎమ్మెల్యేలకూ దానికీ సంబంధం లేదు, టెన్షన్ పడకండి. డబుల్ స్పేసింగ్, నాలుగు వైపులా ఒక అంగుళం మార్జిన్, పైన కుడిపక్క ఇంటిపేరు, పేజీ నంబరు. కోట్ తర్వాత బ్రాకెట్లో రచయిత ఇంటిపేరు, పేజీ నంబరు, మధ్యలో కామా లేకుండా. ఫుల్‌స్టాప్ బ్రాకెట్ తర్వాత. కోట్ నాలుగు లైన్లు దాటితే విడిగా, అర అంగుళం లోపలికి జరిపి, కొటేషన్ గుర్తుల్లేకుండా పెట్టాలి. అప్పుడు మాత్రం ముందు ఫుల్‌స్టాప్, దాని తర్వాత బ్రాకెట్. ఐదు పేజీల ఎస్సేలో అలాంటి పెద్ద కోట్ ఒకటి మించొద్దు, పేజీ నింపడానికే పెట్టారని తెలిసిపోతుంది. చిన్న కోట్లే నయం. అవి కూడా మీ వాక్యంలో కలిసిపోవాలి, ఒంటరిగా నిలబెట్టకూడదు. 2021 జనవరి 1 నుంచి అమెరికాలో ఈ నవలకు కాపీరైట్ లేదు, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. మాట వెతకడానికి అది బాగుంటుంది. పేజీ నంబర్లు మాత్రం క్లాసులో చెప్పిన ఎడిషన్ నుంచే ఇవ్వండి.

ఇంట్రో చివర్లో రాయండి. మధ్య పేరాలు రాస్తుంటే థీసిస్ మారుతుంది, మారనివ్వండి. డ్రాఫ్టు అయ్యాక ప్రతి పేరాలో మొదటి వాక్యం మాత్రమే తీసి వరుసగా చదవండి. అవి కథాక్రమంలో, ‘తర్వాత, ఆ తర్వాత’ అన్నట్టు ఉంటే మీరు మళ్ళీ తాత్పర్యంలోకి జారిపోయారన్నమాట. అలాంటప్పుడు కొత్తగా రాయక్కర్లేదు, పేరాల వరుస మార్చి మొదటి వాక్యాలు తిరగరాస్తే చాలావరకు సర్దుకుంటుంది.

గైడ్ల సంగతి. చదివితే నేరం కాదు, పాత్రలు కలగాపులగమైనప్పుడు పనికొస్తాయి. కానీ మన దగ్గర గైడ్‌లోని జవాబు బట్టీపట్టి దించితే మార్కులిచ్చేవాళ్ళు, ఇక్కడ దాన్ని ప్లేజియరిజం, అంటే ఇంకొకరి రాతను దొంగిలించడం, అంటారు. వాక్యాలు మార్చి రాసినా, ఆలోచన వాళ్ళదైతే పేరు చెప్పాలి. ఏఐ చాట్‌బాట్ల విషయంలో మీ సిలబస్‌లో ఏముందో అదే ఆఖరి మాట. నా ఫిర్యాదు వేరే: అవి నవలలో లేని కోట్‌ను కూడా ధీమాగా ఇస్తాయి. ఒక విద్యార్థి అలాంటిది తెస్తే ఇద్దరం పుస్తకమంతా తిరగేశాం, అది ఎక్కడా దొరకలేదు.

సబ్మిట్ చేసే ముందు ప్రతి కోట్‌నూ పుస్తకంతో అక్షరం అక్షరం పోల్చుకోండి. వర్డ్‌లోని ఆటోకరెక్ట్‌ను నమ్మొద్దు. జిమ్మీ తన తీర్మానాల్లో ఒక మాటకు స్పెల్లింగ్ తప్పు రాశాడు, ఆటోకరెక్ట్ దాన్ని మనకు చెప్పకుండా దిద్దేస్తుంది. చదువు అంతగా లేని ఆ పిల్లాడి చేతిరాత మనకు కనిపించేది ఆ తప్పులోనే. థీసిస్ వాక్యం ఒకటి కుదిరాక ఇక్కడ పెట్టండి, దాన్ని ఎవరు ఎలా కాదనగలరో నేను ప్రయత్నించి చెబుతాను.