పగ నుంచి ప్రేమదాకా కథ నడిపే అమ్మాయికి

చిరంజీవి అమ్ములుకు, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన భాగాలన్నీ చదివాను. దక్షిణ కొరియా రాజధాని సోల్ నగరం, నల్లకోటు మృత్యుదూత, అతణ్ణి చూస్తే చాలు భగ్గుమనే అమ్మాయి. చదివించే గుణం నీ రాతలో ఉంది. కానీ వాళ్లిద్దరి మధ్యా ఉన్నది కీచులాటే తప్ప పగ కాదు. కాఫీ ఒలికిందనీ, మాట తూలాడనీ మొదలైన కోపం రెండు భాగాలకే చల్లారిపోతుంది. ఆపైన నువ్వు ఏం రాసినా సాగదీతే అనిపిస్తుంది. ఆమె వైపు నుంచి చూస్తే ఆమె కోపం న్యాయం, అతని వైపు నుంచి చూస్తే అతనికి వేరే దారి లేదు. అలాంటి పగ కావాలి నీకు.

దానికోసం ఎక్కడా వెతకనక్కర్లేదు. కొరియాలోని జెజు ద్వీపంలో సింబాంగ్‌లనే పూజారులు పాడే ‘చాసా బొన్‌పురి’లోనే, అంటే మృత్యుదూత పుట్టుక చెప్పే కథాగానంలోనే ఉంది. అందులో గాంగ్నిమ్ మొదట మామూలు మనిషి, ఒక అధికారి కింద భటుడు. ఒకావిడ ముగ్గురు కొడుకులు ఒకేరోజు పోయారు. ఆవిడ రోజూ వచ్చి మొరపెట్టుకుంటుంటే తట్టుకోలేక, యొమ్రా రాజునే పట్టుకురమ్మని ఆ అధికారి గాంగ్నిమ్‌ను పంపుతాడు. యొమ్రా అంటే మన యముడే. బౌద్ధం వెంట చైనా మీదుగా అక్కడికి చేరాడు. గాంగ్నిమ్ నిజంగానే ఆయన్ని రప్పిస్తాడు. అతని తెగువకు ముచ్చటపడ్డ యొమ్రా, “ఇతని ఒళ్లు కావాలా, ప్రాణం కావాలా?” అని అధికారిని అడుగుతాడు. అధికారి ఒళ్లు చాలంటాడు. యొమ్రా ప్రాణం పట్టుకుపోతాడు, ఒళ్లు నిలబడ్డచోటే కూలిపోతుంది. గాంగ్నిమ్ మృత్యుదూత అయింది అలా, ఎవరూ అతని ఇష్టం అడక్కుండానే.

తర్వాతి ముక్క నీకు ఇంకా ముఖ్యం. ఆడవాళ్లు డెబ్భైకి, మగవాళ్లు ఎనభైకి వరసగా రావాలన్న ఆజ్ఞాపత్రాన్ని భూలోకానికి చేర్చమని గాంగ్నిమ్‌కు అప్పగిస్తారు. అతను దాన్ని కాకి రెక్కకు తగిలించి పంపుతాడు. దారిలో గుర్రాన్ని కోస్తున్న చోట కాకి ఆశపడి ఆగుతుంది, పత్రం పోగొట్టుకుంటుంది, చివరికి నోటికొచ్చిన వరసలో కూస్తుంది. పెద్దలు ఉండగానే పిల్లలు పోవడం అప్పట్నుంచే మొదలైందట.

ఇప్పుడు నీ నాయికకు ఒక తమ్ముణ్ణి ఇవ్వు, అవ్వ బతికుండగానే వరస తప్పి పోయిన తమ్ముణ్ణి. ఆమెకు మృత్యుదూత మీద ఎందుకంత ద్వేషమో ఇక ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆమెను కాఫీ షాపులోంచి తీసుకొచ్చి ఆసుపత్రి అంత్యక్రియల హాలు వంటింట్లో పెట్టు. సోల్‌లో ఈ రోజుల్లో చావు కార్యం చాలావరకు అలాంటి హాళ్లలోనే మూడు రోజులు జరుగుతుంది. వచ్చినవాళ్లకు యుక్కెజాంగ్ అనే ఎర్రటి, కారం కారం గొడ్డుమాంసం పులుసు వడ్డిస్తారు. ఆ గిన్నెలు కడిగే చేతులు ఆమెవి కావాలి. మృత్యుదూత రోజూ వచ్చేది కూడా అక్కడికే కదా! పూర్వం ఎవరైనా పోతే, తీసుకెళ్లడానికి వచ్చే దూతల కోసం మూడు గిన్నెల అన్నం, మూడు జతల గడ్డి చెప్పులు, డబ్బులు గుమ్మం బయట పెట్టేవారు. కొందరు సోయా సాస్ కూడా పెట్టేవారు. ఆ ఉప్పు తిన్న దూతకు దాహం వేసి దారిలో ఆగుతాడని, నీళ్లకోసం వెనక్కి వస్తాడని ఆశ. నీ నాయిక కసికొద్దీ ఆ సాస్ గిన్నె నిండా పోసి అతని ముందు పెట్టాలి. ఎందుకు పెట్టిందో తెలిసి కూడా అతను చివరి చుక్కదాకా తాగాలి. ఈ ఒక్క సన్నివేశానికి ఒక భాగం మొత్తం ఖర్చు పెట్టు, తొందరపడకు.

అతను ఆమె మణికట్టు పట్టుకుని లాగే ఘట్టాలన్నీ కొట్టేయ్. చావే చేతిలో ఉన్నవాడు చెయ్యి కూడా చేసుకుంటే అది ప్రేమ కాదు, భయం. బలం అతనిది కాబట్టి ప్రతి సన్నివేశంలోనూ అవసరం కూడా అతనిదే కావాలి. ఇంకో మాట. మృత్యుదూత మూడుసార్లు పేరు పెట్టి పిలిస్తే ప్రాణం పోతుందని వాళ్ల నమ్మకం. కాబట్టి ఆమె తన పేరు దాచాలి. అతను ఆమెను “మీరు” అనే పిలుస్తాడు, ఎదురెదురుగా కూర్చుని తిట్టుకుంటున్నప్పుడు కూడా. కొరియాలోనూ మనలాగే మన్నన తీసేయడానికి చనువు కుదరాలి. ఆమె తనంతట తాను పేరు చెప్పిన రోజు నీ కథ మలుపు తిరుగుతుంది. ముద్దు సన్నివేశం రాసినా రాయకపోయినా నష్టం లేదు.

కొరియా జానపద కథల్లో కనిపించే దొక్కెబి అనే అల్లరి భూతాన్ని, గుమిహో అనే తొమ్మిది తోకల నక్కను ఈ కథలోకి తేకు. పాత చీపురులోంచి పుట్టి, దారిన పోయేవాణ్ణి కుస్తీకి పిలిచే దొక్కెబి నాకూ ఇష్టమే, కానీ అది వేరే కథకు ఉంచుకో.

తమ్ముణ్ణి మాత్రం బతికించకు. పాఠకులు ఎంత అడిగినా సరే. సావిత్రి కథ చదువుకుంటూ పెరిగినవాళ్లం, యముడు వరమిస్తే మనకు హాయిగా ఉంటుంది. కానీ పోయిన పత్రం మళ్లీ దొరికితే ఆమె అతణ్ణి క్షమించడంలో గొప్పేముంది? తమ్ముడు తిరిగి రాడని తెలిసి కూడా ఆ మనిషికి రెండో గిన్నెలో మంచినీళ్లు పెట్టగలగాలి.

ముందు వంటింటి భాగం రాసి పంపు. అది చూశాకే మిగతావి ముట్టుకుందాం.

ప్రేమతో,
పెద్దమ్మ