ఆల్ఫా దళం గురించి చెప్పేటప్పుడు

చిరంజీవి కిరణ్‌కు ఆశీస్సులు.

రష్యా ఉగ్రవాద నిరోధక దళం ఆల్ఫా గ్రూప్ మీద నువ్వు చేయబోయే వీడియో స్క్రిప్టు చదివాను. మొదటి లైనే 'ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన కమాండోలు' అని మొదలుపెట్టావు. కొట్టెయ్. విదేశీ వార్తల డెస్కులో పని చేసినవాడిగా చెప్తున్నాను, అలాంటి మాటకు రుజువు ఎవరూ చూపించలేరు. దానికి బదులు ఈ దళం ఎక్కడికి వెళ్లింది, ఎవరు పంపారు, అక్కడి నుంచి ఎంతమంది ప్రాణాలతో బయటికొచ్చారు, ఈ మూడూ ప్రతి ఘటనకూ రాసుకో. స్క్రిప్టు దానంతటదే దారిలో పడుతుంది.

పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా కానిచ్చెయ్. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ క్రీడాకారులు బలైపోయాక చాలా దేశాలు ఇలాంటి దళాలు పెట్టుకున్నాయి. సోవియట్ యూనియన్‌లో 1974 జూలైలో గూఢచార సంస్థ కేజీబీ అధిపతి యూరీ ఆంద్రోపోవ్ ఆదేశంతో ఇది ఏర్పడింది. మొదట ఉన్నది 30 మందే. తొలి కమాండర్ విటాలీ బుబెనిన్, 1969లో చైనా సరిహద్దులో దమాన్‌స్కీ దీవి దగ్గర పోరాడినవాడు. ఇంతవరకు చాలు.

మన గ్రేహౌండ్స్‌తో పోల్చావు చూడు, అది నప్పదు. 1989లో పోలీసు అధికారి వ్యాస్ గారు తయారుచేసిన గ్రేహౌండ్స్ అడవిలో నక్సలైట్ల వెంటపడే దళం. బందీల మధ్య తుపాకీ పట్టుకుని కూర్చున్నవాడి సంగతి చూడటం వేరే విద్య. పోల్చక తప్పదంటే ఎన్‌ఎస్‌జీతో పోల్చు.

1979 డిసెంబర్ 27న కాబూల్‌లో తాజ్‌బేగ్ రాజభవనం మీద దాడికి నాలుగు పేజీలు ఇచ్చావు. బాగానే రాశావు, కానీ అది ఉగ్రవాదుల మీద జరిగిన ఆపరేషన్ కాదని ఎక్కడా చెప్పలేదే! మిత్రదేశం అఫ్ఘానిస్తాన్ అధినేత హఫీజుల్లా అమీన్‌ను చంపడానికి వెళ్లారు. అదేరోజు కేజీబీ వాళ్లే అతనికి తిండిలో విషం పెట్టించారు. ఆ సంగతి తెలియని సోవియట్ డాక్టర్లు పరుగున వచ్చి అతన్ని బతికించారు. ఆ డాక్టర్లలో ఒకరు, కర్నల్ కుజ్‌నెచెన్‌కోవ్, రాత్రి దాడిలో సొంతవాళ్ల కాల్పుల మధ్యే పోయాడు. పేలుళ్ల వర్ణన సగం తీసేసి ఈ ముక్క పెట్టు.

నీ స్క్రిప్టులో అసలు లేనిది, నా లెక్కలో అందరూ వినాల్సినది, 1988 డిసెంబర్ నాటి కథ. ఇప్పుడు వ్లాదికవ్‌కాజ్ అంటున్న ఊళ్లో పావెల్ యాక్షియాంత్స్ అనేవాడి ముఠా నాలుగో తరగతి పిల్లలున్న బస్సును పట్టుకుని మినెరాల్నియే వోదీ విమానాశ్రయానికి తోలుకెళ్లింది. బస్సులో పెట్రోలు డబ్బాలు. నిప్పుపుల్ల గీస్తే అంతే. ఆల్ఫా కమాండర్ గెన్నాదీ జైత్సెవ్ అక్కడే ఉన్నాడు, మనుషులు సిద్ధంగా ఉన్నారు. అయినా బస్సు మీదికి దూకలేదు. స్థానిక కేజీబీ అధికారి యెవ్‌గేనీ షెరెమెత్యెవ్ ముఠాతో మాట్లాడుతూ, అడిగినవి ఒక్కొక్కటే ఇస్తూ, పిల్లల్ని కొందరు కొందరుగా విడిపించాడు. డాలర్లు ఇచ్చారు, ఆయుధాలు ఇచ్చారు, చివరికి విమానమూ ఇచ్చారు. ముఠా ఇజ్రాయెల్‌లో దిగింది. సోవియట్‌కూ ఇజ్రాయెల్‌కూ 1967 నుంచి దౌత్య సంబంధాలే లేవు. అయినా ఇజ్రాయెల్ వాళ్లను అరెస్టు చేసి వెనక్కి అప్పగించింది. ఒక్క పిల్లాడికీ ప్రాణాపాయం కలగలేదు. కాల్పుల్లేవు కాబట్టి వ్యూస్ రావంటావేమో. చెప్పే నేర్పు ఉంటే ఇంతకన్నా టెన్షన్ పెట్టే కథ ఇంకోటి లేదు.

1991 ఆగస్టులో గోర్బచెవ్‌ను దించడానికి జరిగిన కుట్ర సమయంలో మాస్కో వైట్‌హౌస్ (అప్పటి రష్యా పార్లమెంటు భవనం) మీద దాడికి ఈ దళం ముందుకు కదల్లేదు. లోపలికి వెళ్తే ఎంతమంది జనం పోతారో వాళ్లకు అంచనా ఉంది. అయితే అదే ఏడాది జనవరిలో లిథువేనియా రాజధాని విల్నియస్‌లో టీవీ టవర్ దగ్గర జనం చనిపోయిన ఆపరేషన్‌లోనూ ఉన్నది వీళ్లే. రెండూ పక్కపక్కనే చెప్పు. 1993 అక్టోబర్‌లో మళ్లీ అదే భవనం దగ్గరికి రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ పంపితే, లోపలున్న వాళ్లతో మాట్లాడి బయటికి తెచ్చారు. విమ్పెల్ అనే మరో దళాన్ని (1981లో విదేశాల్లో రహస్య పనుల కోసం పెట్టింది) ఆ తర్వాత హోంశాఖకు మార్చేస్తే చాలామంది ఉద్యోగం వదిలేసి పోయారు. 1998 నుంచి ఆల్ఫా, విమ్పెల్ రెండూ ఎఫ్‌ఎస్‌బీ (కేజీబీ స్థానంలో వచ్చిన రష్యా భద్రతా సంస్థ) ప్రత్యేక కేంద్రం కింద ఉన్నాయి. నువ్వు రెండింటినీ కలిపేశావు, సరిచెయ్.

ఇక దుబ్రోవ్‌కా. 2002 అక్టోబర్ 23న మాస్కో థియేటర్లో 40 మంది దాకా చెచెన్ సాయుధులు, దాదాపు 900 మంది బందీలు. 26 తెల్లవారుజామున గాలి గొట్టాల ద్వారా మత్తువాయువు వదిలి దళాలు లోపలికెళ్లాయి. సాయుధులంతా హతమయ్యారు. నువ్వు 'సక్సెస్' అని అక్కడితో ఆపేశావు. అసలు విషయం ఆ తర్వాత మొదలైంది. అధికారిక లెక్కలో 130 మంది బందీలు పోయారు, ఎక్కువమంది ఆ వాయువు వల్లే. అది ఏ మందో వైద్యులకు చెప్పలేదు. స్పృహలేని మనుషుల్ని వెల్లకిలా పడుకోబెట్టారు, నాలుక గొంతుకు అడ్డంపడి ఊపిరాడక పోయినవాళ్లున్నారు. 2011లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు వాయువు వాడాలన్న నిర్ణయాన్ని తప్పుపట్టలేదు, కాపాడే ఏర్పాట్లు సరిగా లేవని తప్పుపట్టింది. తలుపు బద్దలుకొట్టినవాళ్లకూ అంబులెన్సులు పిలవాల్సినవాళ్లకూ తేడా చూపించు. నింద ఎవరి మీద పడాలో అప్పుడే తెలుస్తుంది.

బెస్లాన్ గురించి రాసేటప్పుడు ఇంకా నెమ్మదిగా రాయి. 2004 సెప్టెంబర్ 1న, ఆ ఊళ్లో స్కూలు తెరిచిన రోజు, 1,100 మందికి పైగా సాయుధుల చేతిలో బందీలయ్యారు. మూడో రోజు మధ్యాహ్నం జిమ్‌లో పేలుళ్లు జరగడంతో పథకం లేకుండానే దాడి మొదలైంది. ఆల్ఫా, విమ్పెల్‌ల నుంచి పదిమంది చనిపోయారు, ఈ దళాలకు ఒకే చోట అంత నష్టం ఎప్పుడూ లేదు. విమ్పెల్ లెఫ్టినెంట్ ఆంద్రేయ్ తూర్కిన్ గ్రెనేడ్ మీద పడి చుట్టూ ఉన్నవాళ్లను కాపాడాడు. అదే రోజు స్కూలు మీద ట్యాంకు గుండ్లు, ఫ్లేమ్‌త్రోయర్లు కూడా వాడారు. 2017లో అదే యూరోపియన్ కోర్టు దాన్ని తప్పుపట్టింది. మొత్తం మీద 186 మంది పిల్లలు పోయారు. తూర్కిన్ ధైర్యం చెప్పి ట్యాంకులు దాచొద్దు, ట్యాంకులు చెప్పి తూర్కిన్‌ను మరచిపోవద్దు.

మాజీ సైనికుల జ్ఞాపకాలు వాడుకో, కానీ వాళ్లు తమవాళ్ల గురించి రాసుకుంటున్నారని గుర్తుంచుకో. బందీల తల్లిదండ్రులు చెప్పినవీ పక్కన పెట్టుకుని చదువు. అంకెలు తేడా వస్తే 'అధికారిక లెక్క' అని స్పష్టంగా చెప్పు.

బెస్లాన్ ఫొటోల కింద పెట్టిన ఆ డ్రమ్స్ మ్యూజిక్ తీసేసి, మార్చిన స్క్రిప్టు పంపించు. అమ్మనూ నాన్ననూ అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య